పాతబస్తీ గ్రంథాలయం గోడలు: సిమెంటు ఒలిచి సున్నం పెట్టిన డైరీ

కర్నూలు పాతబస్తీలో, హంద్రీ ఒడ్డుకు నడిచిపోయే దూరంలో మా గ్రంథాలయం. ఒకటే హాలు: 32 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, 13 అడుగుల ఎత్తు. గోడలు ఒకటిన్నర అడుగు మందం, ఇటుకా రాయీ కలిపి సున్నంతో కట్టినవి. కింద నాపరాళ్ళు, పైన మద్రాస్ టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి పైన సున్నం వేసిన కప్పు.

2009 అక్టోబర్ 2న ఊరు మునిగినప్పుడు ఇక్కడ నీళ్ళు 5 అడుగుల 4 అంగుళాల దాకా వచ్చాయి. తలుపు చట్రం మీద ఆ మరక ఇప్పటికీ ఉంది, దాన్ని చెరపొద్దని చెప్పేశాం. వరద తర్వాత ఎవరో కాంట్రాక్టరు 6 అడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత పూసి, నాపరాళ్ళ మీద టైల్స్ వేసి, గోడలకు మెరిసే పెయింటు కొట్టి వెళ్ళాడు. చూడ్డానికి బాగానే ఉండింది, రెండేళ్ళు.

ఇది చదివి మీ ఊళ్ళో పాత కట్టడం పని మొదలుపెట్టేవాళ్ళకు ఒక మాట ముందే చెప్తున్నా. మేం పని వరుస తప్పుగా పెట్టుకున్నాం. పూత ముందు, నీళ్ళ దారి తర్వాత. దానికి పట్టిన జరిమానా కింద లెక్కల్లో కనిపిస్తుంది.

దశ 1: తేమ కొలవడం (జనవరి)

ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలకు రెండు సూదుల తేమ మీటరు కొన్నాం. గోడకు గుచ్చితే అంకె చూపిస్తుంది. ఆరున్నర అడుగుల ఎత్తులో, పెయింటు పొట్టులా లేచిపోతున్న చోట, ఎర్ర గీత దాటి పోయింది. కప్పు కారుతోందేమో అని రెండు రోజులు మిద్దె మీద తిరిగాం. ఏమీ దొరకలేదు.

తప్పు మీటరుది కాదు, దాన్ని నమ్మిన మాది. అది చూసేది రెండు సూదుల మధ్య కరెంటు ఎంత సులువుగా పోతుందో అని. కట్టెకైతే సరిపోతుంది. గోడలో ఉప్పు ఉంటే కాస్త తడికే కరెంటు దూసుకుపోతుంది, మీటరు దాన్నంతా తేమ కింద లెక్కేస్తుంది. మా గోడ నిండా ఉప్పే, ఇక్కడ మనవాళ్ళు చౌడు అంటారు.

తర్వాత చేసింది ఇది, మీరు నేరుగా దీంతోనే మొదలుపెట్టండి:

1. డ్రిల్లు మెల్లగా తిప్పుతూ 3 అంగుళాల లోతు దాకా పొడి తీయాలి. స్పీడుగా తిప్పితే బిట్టు వేడికి పొడి అక్కడే ఎండిపోతుంది.
2. పైన ఒక అంగుళం పొడి పారేసి మిగతాది వెంటనే మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయాలి.
3. 20 గ్రాములు తూచి, ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర తూకం ఇక తగ్గదు అనేదాకా ఎండబెట్టాలి.
4. తగ్గిన తూకాన్ని ఎండిన తూకంతో భాగించాలి.

ఉత్తరం గోడలో వచ్చినవి:

ఒక అడుగు ఎత్తులో 20.0 గ్రాములు 17.9 అయ్యాయి: 11.7 శాతం.
మూడు అడుగుల్లో 18.4: 8.7 శాతం.
అయిదు అడుగుల్లో 19.1: 4.7 శాతం.
ఆరున్నర అడుగుల్లో, మీటరు ఎర్రగా అరిచిన చోట, 19.6: 2 శాతం.

అంటే నీళ్ళు కింద నుంచే ఎక్కుతున్నాయి. ఆరు అడుగుల దాకా సిమెంటు ఉంది కాబట్టి తడి మధ్యలో బయటికి పోలేక, సిమెంటు అంచు దాటాక పాత సున్నం పూతలోంచి ఆవిరైపోతోంది. పోతూ పోతూ ఉప్పును అక్కడ వదిలేస్తోంది.

ఓవెన్ మా అక్కది, కేకులు చేసుకునేది. ఇప్పుడది గ్రంథాలయం ఆస్తి. ఆమె వెనక్కి తీసుకోనంది.

ఖర్చు: మీటరు 1,850, చిన్న తూకం మిషను 900, బిట్లు 420. మొత్తం 3,170.

దశ 2: సిమెంటు ఒలవడం (ఫిబ్రవరి)

తలుపులు, కిటికీలు పోగా 510 చదరపు అడుగులు. ఇద్దరు మనుషులు 9 రోజులు. బ్రేకర్ మిషను తెస్తే రెండు రోజుల పని అని చెప్పినవాళ్ళు ఉన్నారు, ఒక చదరపు గజం మీద ప్రయత్నించాం కూడా. సిమెంటు కంటే ముందు దాని వెనకున్న ఇటుక ముఖం ఊడొచ్చింది. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టిది, రెంటికీ పోటీ పెడితే ఓడేది ఇటుకే. ఆ రోజుతో మిషను వాపసు, చిన్న సుత్తి, వెడల్పు ఉలి. పూత అంచు నుంచి పక్కకు కొడుతూ పోవాలి, నేరుగా గోడలోకి కాదు.

సిమెంటు వెనక గోడ చేయి పెడితే తడి అంటుకునేలా ఉంది. ఇటుకల మధ్య సున్నం ఇసుకలా రాలింది. అంగుళం లోతు దాకా గీకి తీశాం.

ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒకటి. దుమ్ము పోతుందని పైపు పెట్టి గోడంతా కడిగించాను. గోడ శుభ్రమైంది, అందరం సంతోషపడ్డాం. పైకి తేలిన ఉప్పంతా నీళ్ళల్లో కరిగి మళ్ళీ గోడలోకే పోయింది. వారానికి అదే చోట తెల్లగా పొంగింది. చౌడు పొంగిన గోడను కడగొద్దు. పొడి బ్రష్షుతో దులిపి, కింద పట్టా పరిచి, ఆ పొడిని ఎత్తి బయట పారేయండి. తూచి పారేస్తే ఇంకా మంచిది, తగ్గుతోందో లేదో తెలుస్తుంది. మాకు మొదటి వారం 2.3 కిలోలు, మూడో వారం 1.1, అయిదో వారం 400 గ్రాములు.

టైల్స్ కూడా లేపేశాం. వాటి కింద ప్లాస్టిక్ షీటు పరిచారు. నేలలోంచి లేచే తడి పైకి దారిలేక పక్కకు తిరిగి గోడల్లోకి పోతోంది. షీటు కింద నాపరాళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు. రెండే పగిలాయి, అవీ మేం పగలగొట్టినవే.

ఖర్చు: కూలి 16,200, ట్రాక్టరు మూడు ట్రిప్పులు 3,600. ఈ దశ 19,800. ఇప్పటిదాకా 22,970.

దశ 3: సున్నం, మొదటి ఓటమి (మార్చి, ఏప్రిల్)

పెళ్ళ సున్నం, అంటే కాల్చిన సున్నపురాయి పెళ్ళలు, 600 కిలోలు తెచ్చాం. పెళ్ళలను నీళ్ళల్లో వేయాలి, పెళ్ళల మీద నీళ్ళు పోయకూడదు, కళ్ళకు అద్దాలు లేకుండా దగ్గరికి పోకూడదు. ఇవన్నీ తెలుసు. తెలియనిది డ్రమ్ము సంగతి. నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో వేశాం, సున్నం సలసలా ఉడికి డ్రమ్ము పక్కకు జారిపోయిన బొజ్జలా వంగింది. ఇనుప డ్రమ్ము గానీ, నేలలో గుంత గానీ వాడండి.

ఉడికిన సున్నాన్ని కనీసం మూడు వారాలు నీళ్ళ కింద ఊరనివ్వాలి. మేం అయిదు రోజులే ఆగాం, జల్లెడ కూడా ఇసుకది వాడాం. 40 చదరపు అడుగులు నమూనాగా పూస్తే పది రోజుల్లో 63 చోట్ల చిన్న చిన్న గుంటలు పేలాయి. సరిగ్గా ఉడకని పలుకులు పూతలో కూర్చుని తర్వాత తడి తగిలి ఉబ్బుతాయి. రెండో విడత 25 రోజులు ఊరబెట్టి దోమల జాలీలో వడకట్టాం. గుంటలు నాలుగే.

నమూనాలు మూడు పెట్టాం, ఒక్కోటి రెండడుగులు చదరం:

1. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు.
2. అదే పాళ్ళలో కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్ళు.
3. సున్నం ఒకటి, ఇటుక పొడి ఒకటి, ఇసుక రెండు.

28 రోజుల తర్వాత మేకుతో గీశాం. మొదటిది సులువుగా గీత పడింది. రెండోది కరణి (తాపీ) కింద వెన్నలా సాగింది, బేల్దారి మేస్త్రికి అదే నచ్చింది, కానీ మొదటి వారం చీమలు బారులు కట్టాయి. మూడోది మేకుకు బాగా ఎదురు తిరిగింది. ఇటుక పొడి సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడుతుంది కాబట్టి కింది మూడు అడుగులకు అది, పైన మామూలుది అని నిర్ణయించుకున్నాం. కరక్కాయ నీళ్ళు పై పొరలో మాత్రమే. కొంచెం సిమెంటు కలపండి, పట్టు వస్తుంది అని కనీసం ఏడుగురు సలహా ఇచ్చారు. అంత కష్టపడి తీసింది అదే కదా అబ్బా.

ఏప్రిల్ రెండో వారంలో పూత మొదలుపెట్టాం. మేస్త్రికి డెబ్బై దాటాయి, చిన్నప్పుడు గానుగలో ఆడించిన సున్నంతో పని చేసినాయన. ముందే అన్నాడు: "ఎండాకాలం సున్నం పని పెట్టుకోగాకండి సార్, పిండి అయితాది." జూన్‌లో పిల్లలు పరీక్షల చదువుకు వచ్చేలోపు హాలు తెరవాలని మేమే వినలేదు. బయట 42 డిగ్రీలు. పొద్దున పూసిన పూత మధ్యాహ్నానికి తెల్లబారింది. మూడు వారాలకు వేలితో రుద్దితే పొడి రాలింది.

సున్నం గట్టిపడేది ఎండిపోయి కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారి. ఆ మార్పు జరగాలంటే పూతలో కొంత తడి ఉండాలి, ఎండిపోతే అక్కడితో ఆగిపోతుంది. రూఢి చేసుకోవడానికి కాలేజీ ల్యాబులో పనిచేసే తమ్ముడి దగ్గర ఫినాఫ్తలీన్ చుక్కలు తెచ్చి విరిగిన పెళ్ళ అంచు మీద వేశాం. మారని సున్నం గులాబీ రంగుకు తిరుగుతుంది, మారిపోయింది రంగు మారదు. పైన ఒక మిల్లీమీటరు తప్ప మిగతాదంతా గులాబీ.

మొత్తం గీకేశాం. మేస్త్రి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఖర్చు: సున్నం 8,400, ఇసుక 5,500, ఇటుక పొడి ఆడించడం 3,000, కరక్కాయ, బెల్లం 1,400, వృథా అయిన కూలి 12,000. ఈ దశ 30,300. ఇప్పటిదాకా 53,270.

దశ 4: అసలు రోగం బయట ఉంది (మే, జూన్)

పని ఆగిపోయి కాళ్ళు చాపుకుని కూర్చున్నప్పుడు కనబడింది. పాత ఫొటోలో గుమ్మం ముందు మెట్లు మూడు. ఇప్పుడు ఒకటి. ఒక్కో మెట్టు 7 అంగుళాలు, అంటే రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి 14 అంగుళాల పునాది గోడను పాతిపెట్టారు. గోడ అడుగున ఉండే గాలి బొక్కలు కూడా మట్టిలోకే పోయాయి. ఉత్తరం వైపు మా స్థలం మూడడుగుల సందు, వీధి వాననీళ్ళన్నీ దాంట్లోకి దిగి గోడకు ఆనుకుని నిలుస్తున్నాయి.

ఇది జనవరిలోనే చూడాల్సింది. ఓవెన్ లెక్కలు చూసి నీళ్ళు కింద నుంచి అని తేల్చుకున్న రోజే బయటికెళ్ళి మెట్లు లెక్కపెట్టుంటే ఎండాకాలంలో పూత జోలికే పోయేవాళ్ళం కాదు.

చేసింది, ఆ సందులో గోడ వెంబడి నీళ్ళు పోయే కాలువ:

1. ముందు ఒక మూల చిన్న గుంత తీసి పునాది ఎంత లోతుందో చూశాం. కాలువ అడుగు పునాది అడుగు కంటే కిందికి పోకూడదు.
2. 32 అడుగులూ ఒకేసారి కాకుండా ఆరేసి అడుగుల ముక్కలుగా, అడుగున్నర లోతు తవ్వాం.
3. నూరు అడుగులకు ఒక అడుగు లెక్కన వాలు. ఈ చివర నుంచి ఆ చివరికి దాదాపు 4 అంగుళాలు.
4. అడుగున బెజ్జాల పైపు, చుట్టూ 40 మిల్లీమీటర్ల కంకర, పైన 20.
5. గాలి బొక్కలు తెరిచి ఎలకలు దూరకుండా జాలీ.

ఇందులోనూ ఒక దెబ్బ తిన్నాం. కంకర చుట్టూ వేయాల్సిన వడపోత గుడ్డ ఎందుకులే అని బియ్యం సంచులు కుట్టి పరిచాం. జూన్ మొదటి పెద్ద వానకే సంచుల అల్లిక బురదతో మూసుకుపోయి నీళ్ళు పైనే నిలిచాయి. 14 అడుగులు మళ్ళీ తవ్వి అసలు గుడ్డ వేశాం.

ఖర్చు: కూలి 7,500, కంకర 6,800, పైపు, గుడ్డ 2,700. ఈ దశ 17,000. ఇప్పటిదాకా 70,270.

దశ 5: దూలాలు (జులై)

మొత్తం పదకొండు. సన్న స్క్రూడ్రైవరు తీసుకుని గోడలోకి దూరే చివర ఒక్కోదాన్నీ పొడిచి చూశాం. ఎనిమిదింటిలో అర అంగుళం కూడా దిగలేదు. మూడింటిలో పిడి దాకా దిగింది. మధ్యలో అన్నీ ఇనుములా ఉన్నాయి, చెదలూ తడీ పట్టింది గోడలో మూసుకుపోయిన చివరలకే. కాబట్టి దూలం మొత్తం మార్చలేదు. కప్పుకు కింద జాకీలు పెట్టి, చెడ్డ రెండడుగులు కోసి, కూల్చిన ఇంటి పాత టేకుతో ఏటవాలుగా అతికి బోల్టులు బిగించారు. గోడలో చివర చుట్టూ అర అంగుళం ఖాళీ వదిలాం, మళ్ళీ గాలి ఆడకుండా చేస్తే ఇదే కథ.

ఖర్చు 27,000. ఇప్పటిదాకా 97,270.

దశ 6: సున్నం, రెండోసారి (సెప్టెంబర్ నుంచి నవంబర్)

ఈసారి మేస్త్రి చెప్పిన నెల, మేస్త్రి చెప్పిన పద్ధతి. ముందు రోజు సాయంత్రం గోడకు నీళ్ళు చిలకరించాలి, కారేలా కాదు. మొదటి పొర 12 మిల్లీమీటర్లు, రెండు వారాల ఆగడం, రెండో పొర 8, పైన 3. గోనెపట్టలు తడిపి వేలాడదీసి పది రోజులు ఆరకుండా చూశాం. దగ్గరుండి తడిపేందుకు మనిషి కావాలి, అది వారాల లెక్కలో వంతులు వేసుకున్నాం. ఒక ఆదివారం వంతు నాది, మర్చిపోయాను. అక్కడ ఒక మీటరు వెడల్పు మేర గోడకు ఇప్పటికీ వెంట్రుకల్లాంటి బీటలు. తలుపు పక్కనే, రోజూ కనిపిస్తాయి.

ఆరు వారాలకు చుక్కల పరీక్షలో పైన 2 మిల్లీమీటర్లు రంగు లేదు. నెలకు మిల్లీమీటరు చొప్పున పోతుందనుకుంటే ఇది మంచి లెక్కే.

రంగు కూడా సున్నమే, నాలుగు పూతలు. మొదట చిక్కగా కొట్టాం, చదువుకునే పిల్లల చొక్కాలకు అంటింది, తిట్లు మాకు. పాలంత పల్చగా చేసి, గోడ తడిపి, రోజుకొక పూత వేస్తే అంటడం తగ్గింది. పూర్తిగా పోలేదు, అందుకే కుర్చీలు గోడకు అర అడుగు ఎడంగా పెట్టాం.

ఖర్చు: కూలి 21,600, గోనెపట్టలు 1,500. ఈ దశ 23,100. ఇప్పటిదాకా 1,20,370.

దశ 7: పుస్తకాలు (పక్కన నడిచిన పని)

ఉన్నవి 6,240. 620 పుస్తకాల్లో పురుగు. మందు కొట్టకుండా చల్లబెట్టి చంపే పద్ధతి ఎంచుకున్నాం, ఎందుకంటే హాల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా మనుషులుంటారు. ఐస్‌క్రీమ్ షాపాయన పాత ఫ్రీజరు ఇచ్చాడు. పుస్తకాలు పాలిథిన్ కవర్లో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు. విడతకు వంద పైచిలుకు, ఆరు విడతలు, 84 రోజులు.

మొదటి విడత తీసిన వెంటనే కవర్లు చింపేశాను. చల్లటి అట్టల మీద నీటి చుక్కలు పట్టి మూడు పుస్తకాల రంగు కారింది. కవరు మూసే ఉంచి ఒక రోజంతా బయట పెట్టాకే తెరవాలి.

ముందు ఏవి కాపాడాలన్నది పెద్ద గొడవ. నవలలు ముందు అని కొందరు, పోటీ పరీక్షల పుస్తకాలు ముందు అని పిల్లలు. నేను పట్టుబట్టింది పాత సభ్యుల రిజిస్టర్ల కోసం. 1953 అక్టోబర్ 1 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కదా, 1954 రిజిస్టరులో వృత్తి అనే గడిలో వరసగా 'సెక్రటేరియట్' అని రాసుంది. నవల ఎక్కడైనా దొరుకుతుంది, ఆ పేజీలు మన దగ్గర తప్ప ఎక్కడా లేవు. ఆ వాదన నెగ్గింది.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి ఫొటో కూడా ఈ జాబితాలోనే. ఆయన 1883లో కర్నూలులోనే పుట్టారు, గ్రంథాలయ ఉద్యమం పెద్దల్లో ఒకరు. ఫొటో బాగుంది, వెనక అట్ట చెదలు తినేశాయి, మేకు చౌడుకు తుప్పుపట్టి సగమైంది. కొత్త అట్ట వేసి, గోడకు తగలకుండా నాలుగు మూలలా చెక్క బిళ్ళలు పెట్టి వేలాడదీశాం. బీరువాలు కూడా గోడకు నాలుగు అంగుళాలు దూరం.

వరదలో అతుక్కుపోయిన 310 నున్నటి కాగితం పుస్తకాల్లో 84 విడదీయగలిగాం. మిగతావి ఇటుకలే. వాటి పేర్లు రాసిపెట్టి వదిలేశాం.

ఖర్చు 4,600. ఇప్పటిదాకా 1,24,970.

ఏడాది తర్వాత కొలతలు (మళ్ళీ జనవరి)

అదే గోడ, పాత బెజ్జాలకు బెత్తెడు పక్కన:

ఒక అడుగు: 5.8 శాతం, ముందు 11.7.
మూడు అడుగులు: 3.1, ముందు 8.7.
అయిదు అడుగులు: 1.5, ముందు 4.7.

వాయవ్యం మూల మాత్రం ఒక అడుగు దగ్గర ఇంకా 9.2. జెరాక్స్ షాపు వృథా తెల్లకాగితం నానబెట్టి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళతో గుజ్జు చేసి అక్కడ పట్టీ వేశాం. ఎండాక ఉప్పుతో సహా ఊడొస్తుంది. రెండు పట్టీలు అయ్యాయి, ఉప్పు తగ్గింది, తడి తగ్గలేదు. పక్కింటి నీళ్ళ పైపు ఆ గోడ కిందుగానే పోతుందని మొన్న తెలిసింది. వాళ్ళతో మాట్లాడాం, సంక్రాంతి పోయాక తవ్వి చూద్దామన్నారు.

హాల్లో ఇప్పుడు 24 కుర్చీలు. గ్రూప్స్, డీఎస్సీ చదివే పిల్లలు పొద్దున ఆరింటికే తాళం దగ్గర నిలబడుతున్నారు. ఛార్జింగు ప్లగ్గుల కోసం కొత్త పూతలో గాడి కొడతామని ఎలక్ట్రీషియన్ వచ్చాడు, వద్దని కుర్చీల కింద నేల వెంబడి చెక్క పట్టీలో వైరు లాగించాం.

వీధిలో కొత్త సీసీ రోడ్డుకు కొలతలు తీస్తున్నారు. పాత రోడ్డు తవ్వి తీశాకే కొత్తది వేయమని అర్జీ ఇచ్చాం, రసీదు రిజిస్టర్లో అంటించాం. ఇవాళ్టికి గడప రోడ్డు కంటే 7 అంగుళాలు ఎత్తులో ఉంది. మిగిలిన ఆ ఒక్క మెట్టు పక్కన గోడ మీద ఎర్ర పెయింటుతో గీత కొట్టి తేదీ వేశాను.